పది నలభై రెండుకు తీసిన స్క్రీన్‌షాట్

మారెమ్మకు స్క్రీన్‌షాట్ తీయడం ఆరు రకాలుగా వచ్చు. అదీ ఒక విద్యేనా అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. సోమల చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులనూ బాలింతలనూ చూసుకునే ఆరోగ్య కార్యకర్తలు నలభై మంది ఉన్నారు. వాళ్లలో ఎవరి ఫోను మొండికేసినా ముందు గుర్తొచ్చేది మారెమ్మే. "అక్కా, నాది పడలేదు, నల్లగా వస్తాండాది, ఏం చెయ్యాల?" అంటూ పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. మారెమ్మ పొయ్యి మీద సంగటి గెలుకుతూనే, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పేది.

ఎందుకింత యాతన అంటారా? వాళ్ల పని పద్ధతే అట్లాంటిది. పని చేశావా అని అడిగే నాథుడు లేడు. గ్రూపులో పెట్టావా అని అడిగేవాళ్లే అందరూ. గర్భిణి ఇంటికి వెళ్లి, కాళ్ల వాపు చూసి, బీపీ చూసి, తలనొప్పి ఉందా, కళ్లు మసకబారుతున్నాయా అని అడిగి, ఆ వివరాలన్నీ ఫోనులోని యాప్‌లో నింపితే పచ్చ టిక్కు పడుతుంది. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి పదకొండు గంటల్లోపు గ్రూపులో పెట్టాలి. గర్భిణి పేరు కనిపించాలి, టిక్కు కనిపించాలి, పైన టైము కనిపించాలి. ఇంకేదీ కనిపించకూడదు. ఒకసారి సోమల అమ్మాయి ఒకతి పెట్టిన స్క్రీన్‌షాట్ మీద ఎవరో చేసిన ఫోన్ కాల్ అడ్డంగా పడింది. సూపర్‌వైజర్ రాజేశ్వరి మేడమ్ దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, మూడు ప్రశ్నార్థకాలు పెట్టి, నలభై మందీ చూసేలా గ్రూపులోనే వదిలింది. ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అప్పటి నుంచి అందరికీ ఒకటే భయం. తీసేటప్పుడు ఫోను వస్తే కట్ చెయ్యడమే. ఈ సంగతి మిగతావాళ్లకు నేర్పింది కూడా మారెమ్మే.

మామూలుగా అందరికీ వచ్చింది ఒక్కటే, పవర్ బటనూ సౌండు తగ్గించే బటనూ కలిపి నొక్కడం. మారెమ్మ ఫోను పోయినేడు వానల్లో వంక దాటుతుంటే నీళ్లలో పడి పవర్ బటన్ పనికి రాకుండా పోయింది. ఆఫీసులో అడిగితే వేరే ఫోను ఇవ్వరు, నాలుగు తిట్లు ఇస్తారు. అందుకని పుంగనూరులో ఫోన్లు బాగుచేసే అరుణ్ కుమార్ అంగట్లో ఒక పూటంతా కూర్చుని మిగతావి నేర్చుకుంది. మూడు వేళ్లు తెర మీద ఆనించి కిందికి లాగడం. పైనుంచి పరదా దించి అందులోని కత్తెర బొమ్మ నొక్కడం. కొన్ని ఫోన్లకైతే అరచేతి అంచుతో తెరను పక్కకు తుడవడం, కొన్నిటికి వీపు మీద రెండుసార్లు తట్టడం. ఇవేవీ కుదరకపోతే తియ్యమని ఫోనుకే నోటితో చెప్పడం. పొడుగు ఫారం అయితే కిందికి జరుపుతూ మొత్తాన్నీ ఒకే ఫోటోగా పట్టడం కూడా ఆమెకు తెలుసు. మారెమ్మ అమ్మ ఊరంతా తిరిగి కూలికి చెనక్కాయలు కొట్టి బతికిన మనిషి. కూతురు మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఫోను పట్టుకుని, చదువుకున్న పిల్లలకు పాఠం చెప్తుంటే ముసల్ది గుడిసె ముందు కూర్చుని చూసి మురిసిపోయేది. మారెమ్మకూ లోపల గర్వంగానే ఉండేది. లేదని అబద్ధమెందుకు చెప్పాలి!

చిక్కంతా నెట్టుతోనే. మారెమ్మ చూసే ఎగువ బండపల్లెలో ఫోను మాట్లాడడానికి సిగ్నల్ వస్తుంది, నెట్టు రాదు. గుట్ట దిగి మూడు కిలోమీటర్లు నడిచి క్రాసు దగ్గర బస్సు షెల్టరులో కూర్చుంటేనే యాప్ తెరుచుకుంటుంది. ఇళ్లన్నీ తిరిగి కిందికొచ్చి నింపుదామంటే పదకొండు దాటిపోతుంది. అందుకని ముందు షెల్టరులో కూర్చుని పోయిన వారం వివరాలే చూసుకుంటూ అన్నీ నింపేసి, స్క్రీన్‌షాట్లు పెట్టేసి, ఆ తర్వాత గుట్టెక్కి నిజంగా ఇళ్లకు వెళ్లి చూసుకోవడం అలవాటు చేసుకుంది. మారెమ్మ ఒక్కతే కాదు, నలభై మందిదీ అదే పద్ధతి. రాజేశ్వరి మేడమ్‌కు తెలుసు. ఆమె పైవాళ్లకూ తెలుసు. తెలిసిన సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పుకోరు, అంతే. మారెమ్మ ఒక్క ఇల్లు కూడా ఎగ్గొట్టేది కాదు. పొద్దున పెట్టిన అబద్ధాన్ని సాయంత్రంలోపు నిజం చేసి పడుకునేది. నాలుగేళ్లు అట్లాగే గడిచిపోయింది.

ఎగువ బండపల్లెలో మునికృష్ణ, తులసమ్మలది పాత రైతు కుటుంబం. నాలుగెకరాల మెట్ట, ఒక బోరు. వాళ్లకు ఒక్కతే కూతురు, వసుధ. కుప్పంలో గ్రానైటు రాళ్లు పాలిష్ చేసేచోట పనిచేసే ప్రవీణ్‌కు ఇచ్చి చేశారు. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. మారెమ్మ అమ్మ కలుపు తీసింది ఆ తులసమ్మ చేలోనే. అయినా వసుధకు ఆ తేడాలేమీ లేవు. "మారెమ్మక్కా, మారెమ్మక్కా" అంటూ వెంటబడేది. ఇనుము మాత్రలు మింగితే వాంతొస్తోందనీ, బిడ్డ రాత్రంతా తన్నుతోందనీ, చింతపండు తినొచ్చా తినకూడదా అనీ రోజుకు నాలుగుసార్లు ఫోను చేసేది. మారెమ్మ విసుక్కోకుండా మాట్లాడేది. ఆ పిల్ల గొంతు వింటే ఎవరికైనా విసుగు రాదు.

పోయిన నెల పన్నెండో తేదీ, గురువారం. ఆ రోజు మొత్తం లిస్టు పూర్తి కావాలని పైనుంచి ఆర్డరు. రాజేశ్వరి మేడమ్ ఎనిమిది గంటల నుంచి గ్రూపులో తరుముతూనే ఉంది. మారెమ్మ షెల్టరులో కూర్చుంది. పంతొమ్మిది పేర్లు. నెట్టు వస్తూ పోతూ ప్రాణం తీస్తోంది. పది నలభైకి పద్నాలుగు అయ్యాయి. పదిహేనో పేరు వసుధ. తలనొప్పి లేదు, కాళ్ల వాపు లేదు, చూపు మామూలు, బీపీ నార్మల్. పోయిన వారం నిజంగా అట్లాగే ఉంది మరి. పచ్చ టిక్కు పడింది. మూడు వేళ్లు ఆనించింది, లాగబోయింది, సరిగ్గా అప్పుడే తెర మీద ఫోను వచ్చి పడింది. ఎవరని చూస్తే వసుధే.

"అబ్బా, నీ గురించే తల్లీ నింపుతాండేది," అనుకుంటూ కట్ చేసింది. మళ్లీ వేళ్లు పెట్టి లాగింది. స్క్రీన్‌షాట్ చక్కగా పడింది. పైన టైము పది నలభై రెండు. దాన్ని పంపుతుండగా మళ్లీ ఫోను, మళ్లీ కట్. పదహారో పేరు నింపుతుంటే మూడోసారి, అప్పుడూ కట్ చేసింది. మధ్యాహ్నం ఎట్లాగూ వాళ్లింటికే పోతాను కదా, పోయాక తీరిగ్గా మాట్లాడొచ్చు అనుకుంది. పదకొండుకు రెండు నిమిషాల ముందు పంతొమ్మిదీ అయిపోయాయి. మేడమ్ చప్పట్ల బొమ్మ పెట్టింది. ఆ వెంటనే, పదకొండున్నరకు ఆసుపత్రిలో మీటింగు, అందరూ రావాలని ఇంకో మెసేజి పడింది. సోమల బస్సు రానే వచ్చింది, మారెమ్మ ఎక్కేసింది. తిరిగి ఫోను చెయ్యాలన్న మాట బస్సులో ఒకసారి గుర్తొచ్చింది. పక్కన కూర్చున్నావిడ పలకరిస్తే మాటల్లో పడిపోయింది.

పన్నెండు గంటలకు వసుధకు మూర్ఛలు వచ్చాయి.

ఆటోలో పుంగనూరుకు తీసుకెళ్లారు. అక్కడ చూసి, వెంటనే మదనపల్లెకు పొమ్మన్నారు. మదనపల్లె ఆసుపత్రి గేటు దాకా ఊపిరి ఉందని తులసమ్మ చెప్తుంది. గేటు దాటాక లేదని డాక్టరు చెప్పాడు. బిడ్డా దక్కలేదు. మారెమ్మ మీటింగు ముగించుకుని రెండున్నరకు గుట్టెక్కేసరికి వాళ్ల ఇంటికి తాళం వేసి ఉంది. గడప దగ్గర వసుధ చెప్పులు పడున్నాయి. కాళ్లకు పట్టకుండా వాచిపోతే వదిలేసి వెళ్లినట్టున్నారు. మారెమ్మ వాటిని తీసి జతగా గోడవార పెట్టింది. అక్కడే అరుగు మీద కూలబడింది.

పది రోజులకు పుంగనూరులో విచారణ పెట్టారు. విచారణ చేసింది రాజేశ్వరి మేడమ్‌కు పై ఆఫీసరు, గంగాధరం సార్. చెడ్డవాడేం కాదు, గట్టిగా అరిచే రకం కూడా కాదు. బల్లకు ఒకవైపు తులసమ్మ, మునికృష్ణ. మునికృష్ణ కూతురు పోయిన రోజు నుంచి నోరు విప్పలేదు, అక్కడా విప్పలేదు. రెండోవైపు రాజేశ్వరి మేడమ్, ఆ పక్కన మారెమ్మ.

"ఆ పొద్దు మారెమ్మ మా ఇంటికి రాలే సార్," అంది తులసమ్మ. "మా అమ్మి పొద్దున్నుంచీ తల పగిలిపోతాండాదని ఏడుస్తా ఉన్నింది. ఈమెకు ఫోన్ మీద ఫోన్ చేసింది. ఈమె ఎత్తలే."

గంగాధరం సార్ ఫైలులోంచి ఒక కాగితం తీసి ఆమె వైపు తిప్పాడు. మారెమ్మ తీసిన స్క్రీన్‌షాటే, పెద్దదిగా ప్రింటు తీయించారు. "పది నలభై రెండుకు మీ ఇంట్లో చూసిందమ్మా. ఇదిగో టైము. తలనొప్పి లేదు, వాపు లేదు, బీపీ నార్మల్ అని రాసుంది. ఇది ఆధారం. నువ్వు రాలేదంటున్నావు, సరే. నీ దగ్గర ఏం ఆధారం ఉంది?"

తులసమ్మకు చదువు రాదు. ఆ కాగితం మీది పచ్చ టిక్కును చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి మారెమ్మను చూసింది. "నువ్వు సెప్పు మారెమ్మా. నువ్వే సెప్పు," అంది.

మారెమ్మ నోరు తెరిచింది. బల్ల కింద రాజేశ్వరి మేడమ్ కాలు ఆమె పాదం మీద పడింది. తొక్కలేదు, ఊరికే ఆనించింది. అంతమాత్రానికే మారెమ్మ కళ్ల ముందు అన్నీ తిరిగాయి. మెడలో కార్డు, ఇంట్లో ముసల్ది, మళ్లీ ఎవరి చేలోనో వంగి తీసే కలుపు.

"పోయినాను సార్," అంది.

అంతే. రెండు మాటలు. తులసమ్మ మొగుడి భుజం తట్టి లేపి, చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. వాళ్లు మెట్లు దిగేదాకా మారెమ్మ తలెత్తలేదు. గంగాధరం సార్ ఫైలు మూస్తూ, "అందరూ ఈమె మాదిరి ఆధారాలు పెట్టుకుంటే మనకు తలనొప్పులే ఉండవు," అన్నాడు. తలనొప్పి అన్న మాట వినగానే మారెమ్మ కుర్చీలోంచి లేచి బయటికొచ్చేసింది.

మెచ్చుకోలు అక్కడితో ఆగలేదు. తర్వాతి వారం కుప్పంలో అరవై మంది కార్యకర్తలకు ట్రైనింగు పెట్టారు. స్క్రీన్‌షాట్లు తీయడం ఎన్ని రకాలో చెప్పడానికి మారెమ్మను పంపమని సారే చెప్పాడట. రాజేశ్వరి మేడమ్ వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. గుడుపల్లె నుంచి, చుట్టుపక్కల నుంచి వచ్చిన ఆడవాళ్లు హాలు నిండా కూర్చున్నారు. గోడ మీద ప్రొజెక్టరుతో పెద్దగా ఒక బొమ్మ వేశారు. ఇంకేం బొమ్మ? పది నలభై రెండు నాటి ఆ స్క్రీన్‌షాటే. పేరున్న చోట నల్ల గీత కొట్టారు. ఆ గీత కింద ఉన్న పేరు హాల్లో మారెమ్మకూ మేడమ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్ల కాపురం చేసిన వీధి అక్కడికి నాలుగు అడుగులు.

మారెమ్మ గోడకు వీపు చేసి నిలబడింది. బటన్లు చెప్పింది, మూడు వేళ్లు చెప్పింది, పరదా దించడం, అరచెయ్యి, వీపు మీద తట్టడం, నోటితో చెప్పడం, అన్నీ చెప్పింది. ఎదురుగా అరవై ఫోన్లు టక్కు టక్కుమని మోగుతుంటే వచ్చింది వచ్చిందని ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు. ముందు వరసలో ఒక చిన్న పిల్ల, పల్లవి అట, ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, చెయ్యెత్తింది.

"అక్కా, తీసేటప్పుడు ఫోన్ వస్తే ఏం చెయ్యాల?"

ఆ పిల్ల పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, రాసుకోవడానికి ఎదురుచూస్తోంది. ఎత్తాల తల్లీ, ముందు ఫోను ఎత్తాల, ఇదంతా నాశనమైపోనీ, నువ్వు ఫోను ఎత్తు! అని మారెమ్మకు అరవాలనిపించింది. రాజేశ్వరి మేడమే లేచి, "కట్ చెయ్యాలమ్మా. ఎవరైనా సరే, ఎవరు చేసినా సరే. పని అయ్యాక మాట్లాడుకోవచ్చు," అంది. పల్లవి పుస్తకంలో రాసుకుంది. వెనక వరసల్లో కూడా చాలామంది రాసుకున్నారు.

పలమనేరులో బస్సు మారి, పుంగనూరులో ఇంకోటి మారి మారెమ్మ గుట్ట కిందున్న తన ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. గడప మీద తులసమ్మ కూర్చుని ఉంది. ముసల్ది లోపలి నుంచి, "మద్దేన్నుంచీ ఈడనే ఉండాది. కాఫీ అన్నా తాగమ్మా అంటే వద్దంటాది," అంది. ఆ ఇంటి గడప మీద తులసమ్మ కూర్చోవడం అదే మొదలు.

తులసమ్మ కొంగు ముడి విప్పి ఒక ఫోను తీసింది. వెనక గులాబీ రంగు అట్ట, అంచున చిన్న గంటల గొలుసు. వసుధ ఫోను.

"ఆదివారం అల్లుడు వస్తాండాడు. ఫోను తీసకపోతాడంట. దాంట్లో ఉండేదంతా తుడిచేసి ఆయప్ప వాడుకుంటాడంట," అంది తులసమ్మ. "దీంట్లో మా అమ్మి నీకు ఫోన్ చేసిందంతా ఉండాదంట గదా. ఊళ్లో అడిగితే సెప్పినారు. దాన్ని ఫోటో పట్టల్ల. పట్టి, పుంగనూరులో పేపరు తీయించి, ఆ సార్‌కు ఇయ్యల్ల. ఆధారం ఏదని అడిగినాడు గదా."

"మీ ఊళ్లో ఎవురూ లేరామ్మా, నా దగ్గరికి వచ్చినారు?" అంది మారెమ్మ.

"బాగా తీసేది నువ్వే అంట గదా. అందురూ అంటాండారు," అంది తులసమ్మ. ఎత్తిపొడుపు కాదు. పని ఎవరికి వస్తే వాళ్ల దగ్గరికే రావాలి కదా అన్నట్టు మామూలుగానే అంది. "ఇట్ల గీస్తే తెరుసుకుంటాది. అమ్మి గీస్తా ఉంటే సూసినా." వంకర పోయిన వేలితో తెర మీద కిందికి ఒక గీత, పక్కకు ఒక గీత గీసింది. ఫోను తెరుచుకుంది.

మారెమ్మ తీసుకుంది. కాల్స్ ఉన్నచోటికి వెళ్లింది. అమ్మ అని ఉంది, ప్రవీణ్ అని ఉంది, కిందికి జరిపితే 'మారెమ్మక్క' అని ఉంది. ఆ పేరు పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టుకుందా పిల్ల. దాని మీద నొక్కితే టైములు వచ్చాయి. పన్నెండో తేదీ. పది నలభై ఒకటి, సున్నా సెకన్లు. పది నలభై మూడు, సున్నా సెకన్లు. పది నలభై ఏడు, సున్నా సెకన్లు.

మొదటి కాల్ పది నలభై ఒకటి. రెండోది పది నలభై మూడు. మధ్యలో పది నలభై రెండుకు మారెమ్మ ఆ పిల్ల ఎదురుగా కూర్చుని బీపీ చూస్తోందని గంగాధరం సార్ ఫైలు చెప్తోంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఎవరైనా ఫోను చేస్తారా? ఈ రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే చంటిబిడ్డకు కూడా అర్థమవుతుంది. తులసమ్మకు మాత్రం టైములు చదవడం రాదు. తను చేతిలో పెట్టింది ఏమిటో ఆమెకు తెలియదు. ఇప్పుడు ఒక్క వేలు జరిపి, ఆ మూడు కాల్సూ తుడిచేసి, ఏమీ లేవమ్మా అంటే అయిపోతుంది. ఆ సంగతి మారెమ్మకు తెలుసు.

"మారెమ్మక్క పని మింద ఉన్నట్టుంది, మళ్లా ఆమే చేస్తాది లే, చెయ్యకుండా ఉండదు అనింది," అంది తులసమ్మ గుట్ట వైపు చూస్తూ. "నేను అప్పుడే ఆటో పిలుస్తాననింటి. వద్దు మా, అక్క చేస్తాది ఉండు అనింది. గంట సేపు ఆ ఫోను ఒళ్లో పెట్టుకోనే కూసునింది."

ఆ ఫోనుకు పవర్ బటన్ బాగానే ఉంది. మారెమ్మ రెండు బటన్లూ కలిపి నొక్కింది. తెర ఒక్కసారి మెరిసింది. అందరికీ వచ్చిన పద్ధతే అది, ఏ విద్యా అక్కర్లేదు. ఆ బొమ్మను తన ఫోనుకు పంపుకుంది. ఇంట్లో నెట్టు అంతంతమాత్రం, చాలాసేపు తిరిగి తిరిగి వచ్చింది. దాని పక్కన తన పది నలభై రెండు స్క్రీన్‌షాటు పెట్టి, రెండూ గంగాధరం సార్ నంబరుకు పంపింది. కింద రాసింది: "సార్, నేను ఆ పొద్దు వాళ్లింటికి పోలేదు. బస్ షెల్టర్‌లో కూర్చుని నింపినాను. వసుధ ఫోన్ చేస్తే మూడుసార్లు కట్ చేసింది నేనే. ఆ రోజు మీ ముందర అబద్ధం చెప్పినాను."

రెండు నీలం గీతలు పడ్డాయి. కాసేపటికి ఫోను మోగింది. మారెమ్మ ఎత్తింది.

"ఏందమ్మా ఇది?" గంగాధరం సార్ గొంతు అప్పుడు కూడా మెత్తగానే ఉంది. "ఫైలు క్లోజ్ అయిపోయింది. పైకి కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు దీన్ని తిరగదోడితే నువ్వొక్కదానివే పోతావా? మీ మేడమ్ పోతుంది, నలభై మంది పోతారు, నేనూ పోతాను. ఆ పిల్ల తిరిగొస్తుందా?"

"అది కాదు సార్, టైము సూడండి..."

"స్క్రీన్‌షాట్‌దేముందమ్మా! ఎవరు పడితే వాళ్లు తయారుచేస్తారు ఈ రోజుల్లో. దాన్ని పట్టుకుని ఎవరు నమ్ముతారు? డిలీట్ చెయ్. ఆ పెద్దమ్మకు కూడా నచ్చజెప్పు." పెట్టేశాడు.

మారెమ్మ చెవి దగ్గర ఫోను అట్లాగే పెట్టుకుని నిలబడింది. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. నాలుగేళ్లుగా తీసిన ఫోటోలన్నిట్లో నిజమైంది ఇదొక్కటే. దీన్ని నమ్మేవాడు లేడు.

"ఏమన్నాడు?" అంది తులసమ్మ.

"నమ్మరంట అమ్మా." మారెమ్మ గడప కింద, నేల మీద, ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. "నేను రాలేదమ్మా ఆ పొద్దు. నేను రాలేదు. పోయినానని అబద్ధం సెప్పినా."

తులసమ్మ ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే మారెమ్మ కాస్త ఊపిరి పీల్చుకునేదేమో.

"అది నాకు తెలీదా మారెమ్మా? ఇంట్లో ఉండేది నేనే గదా," అంది. "ఆ మాట ఆ పొద్దు ఆ సార్ ముందర అనింటే సాలు గదమ్మా. ఈ ఫోటోలన్నీ ఏంటికి?"

తులసమ్మ చెయ్యి చాచింది. మారెమ్మ ఫోను ఇచ్చేసింది. ఆమె దాన్ని మళ్లీ కొంగులో ముడేసుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ముసల్ది దారి చీకటి పడుతోంది, తోడు వస్తానంది. వద్దని తలూపి, ఒక్కతే గుట్ట దారి పట్టింది. ఫోను గొలుసుకున్న చిన్న గంటలు వంక మలుపు దాకా వినిపించాయి.

మారెమ్మ చేతిలోని ఫోను తెర వెలిగింది. గ్రూపులో రాజేశ్వరి మేడమ్ మెసేజి పెట్టింది. "మారెమ్మా, మీ లిస్ట్ అప్‌డేట్ అయింది. రేపటి నుంచి పద్దెనిమిది పేర్లే. పదకొండు లోపల నీట్‌గా పెట్టండి."